ఆషాఢం రేటుకి హౌస్‌బోటు

జూలై 1, మంగళవారం

పొద్దున ఫోన్లో మీ ఆఫీసు వాళ్ళతో నువ్వన్నది తప్పు, ప్రసన్నా. మీ నాన్న పారిపోలేదు. బత్తాయిలు కొనడానికి వెళ్ళారు. కొత్తపేట పళ్ళ మార్కెట్టు అక్కణ్ణించి లేచిపోయి నాలుగేళ్ళయిందని మనం ఆయనకి ఎన్నోసార్లు చెప్పాం, నిజమే. ఆ మాట ఆయన దగ్గర నిలవలేదు. పారిపోయేవాడు గుడ్డసంచీ పట్టుకుని, రేకుల కంచె ముందు నిలబడి, గేటు ఎప్పుడు తీస్తారని ఆటోవాళ్ళని అడగడు.

ఈ మాట నీ ముఖం మీదే చెప్పొచ్చు. చెబితే "అమ్మా, ప్లీజ్" అంటావు. ఆడపిల్లల కాలేజీలో ముప్ఫై ఏళ్ళు బోటనీ చెప్పినదాన్ని, వాదనకి జవాబు చెప్పగలను. "అమ్మా, ప్లీజ్"కి చెప్పలేను. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నీకు చూపించను.

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడి మణికట్టుకి కట్టు వేశారు. బాత్రూం గుమ్మం తగిలింది.

జూలై 2

గుమ్మమే.

జూలై 3, గురువారం

యాదలక్ష్మి మానేస్తానంది. రెండేళ్ళుగా పగలంతా ఆయన్ని చూసుకుంటున్న మనిషి. స్నానం, అన్నం, మందులు, సాయంత్రం మేడ మీద నాలుగు అడుగులు, అన్నీ ఆవిడే. వంటింట్లో జ్యోతికతో చెబుతోంది, నాకు వినపడదనుకుని. కంటిచూపు తగ్గింది గానీ చెవులు మాత్రం ఇప్పటికీ కాలేజీ వరండాలో గుసగుసలు పట్టే చెవులే.

"పెద్దసారు దేవునసుంటోడమ్మా. గని బయటికి పోకుండ ఆపవోతె గా టైంల మనిషి మనిషి గాదు. నేను గట్టిదాన్ని, తట్టుకుంట. పెద్దమ్మకు గంత బలమేడిది?"

కోడలు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. జ్యోతిక నల్గొండ పిల్ల. కోపమొస్తే గొంతు పెంచదు, తగ్గిస్తుంది.

"అత్తమ్మా, గుమ్మం చెయ్యి మెలేస్తదా?"

"పాత గుమ్మం" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బడంగ్‌పేట్‌లో ఒక చోటు చూశారట, ఇలా మతి నిలవని పెద్దవాళ్ళని ఉంచుకునేది. చుట్టూ గోడ, లోపల చెట్లు, డాక్టరు వారానికి రెండుసార్లు. ప్రసన్న వెళ్ళి చూసి వచ్చి పది రోజులైందట. నాకు చెప్పే ధైర్యం రాక కోడల్ని పంపాడు. చిన్నప్పుడు పరీక్ష పోయినా అంతే, మార్కుల కాగితం వాళ్ళ నాన్న చేతికి ఇచ్చేవాడు.

జూలై 4

ఆయన ఇవాళ చాలా బాగున్నారు. పెసరట్టు తిన్నారు. నన్ను చూసి "కాలేజీకి టైమవలేదా" అన్నారు. బాగున్నట్టే కదా.

జూలై 5, శనివారం

నువ్వే వచ్చి కూర్చున్నావు చివరికి. నేలకేసి చూస్తూ మాట్లాడావు. అక్కడ ఒక మంచం ఖాళీ అయింది, ఎక్కువ రోజులు పట్టి ఉంచరు, ఈ వారంలోనే చేర్చాలి అన్నావు. ఆ మంచం ఎలా ఖాళీ అయిందో నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు.

ఆయన్ని లేపి కూర్చోబెట్టే చేతికి కట్టుంది. యాదలక్ష్మి వెళ్ళిపోతోంది. ఇదంతా నాకూ తెలుసు. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట ఊడిపడింది.

"ఆషాఢంలో ఇల్లు మారకూడదు."

నువ్వు తలెత్తి చూశావు. ఆ చూపు నాకు అర్థమైంది. నీ పెళ్ళికి ముహూర్తం అక్కర్లేదని మీ మేనత్తలతో పోట్లాడింది నేనే. గ్రహణం రోజున పిల్లల్ని ల్యాబుకి పిలిచి మైక్రోస్కోపు చూపించింది నేనే. వర్జ్యమంటే వర్జించాల్సిందే అని జోకులు వేసింది కూడా నేనే.

"నువ్వా అమ్మా? నువ్వా ఈ మాటనేది?"

"నేనే. వయసు మీద పడింది. భయాలు వస్తాయి. శ్రావణం రానీ."

జ్యోతిక మాత్రం ఠక్కున ఆగిపోయింది. "అవునండీ, ఆషాఢంల ఎట్ల? మా అమ్మ వింటె సంపుతది" అంది నీతో. అరవై ఏళ్ళు నేను వెక్కిరించిన పంచాంగం ఇవాళ నా తరఫున సాక్ష్యం చెప్పింది. సిగ్గుగా ఉంది. సంతోషంగా కూడా ఉంది.

శ్రావణం ఇరవై అయిదున. మూడు వారాల్లో ఏమైనా కావచ్చు. ఏం కావచ్చో నాకూ తెలియదు.

జూలై 7, సోమవారం

నా మనవరాలు తన్మయి ఫోను పట్టుకుని వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల, ఈ ఇంట్లో తాతగారి గదిలోకి భయం లేకుండా వెళ్ళేది అదొక్కతే.

"నాయనమ్మా, ఇది చూడు. కోనసీమలో దిండి దగ్గర హౌస్‌బోటు. ఏసీ రూములు, బాత్రూం, భోజనం, అన్నీ దాంట్లోనే. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, కొత్తజంటలుండవు, వానలని టూరిస్టులూ రారు. అందుకని సగం రేటు! తాతయ్యకి నీళ్ళంటే ఇష్టం కదా."

ఇష్టమా! ఇరిగేషన్‌లో ఆయన ఉద్యోగం మొదలుపెట్టిందే గోదావరి కాలువల మీద. లాకుల దగ్గర క్వార్టర్సు, లాకు తలుపులెత్తే లస్కర్లు, కిటికీలోంచి పడవలు. పెళ్ళయిన కొత్తలో నన్ను పడవెక్కించి, సామాను మధ్య కూర్చోబెట్టి, కాలువ లోతు చెబుతూ ప్రేమించిన మనిషి.

ప్రసన్న లెక్క వేశాడు. హోటల్లో రెండు గదులు, మూడు పూటల తిండి, పడవ షికారుకి వేరే టిక్కెట్టు, అన్నీ కలిపినా దీనికంటే ఎక్కువే అవుతుందట. తలకి ఇంతే పడుతుందమ్మా అన్నాడు. మా ఇంట్లో అన్నీ తలకే లెక్క వేస్తారు. తలలో ఏం మిగిలిందన్నది లెక్కలోకి రాదు, అది ఒకందుకు మంచిదే.

"కేరళకి వెళ్ళినవాళ్ళే హౌస్‌బోటు ఎక్కుతారనుకున్నా నేను" అన్నాను.

"మనలాంటివాళ్ళ కోసమే నాయనమ్మా ఇప్పుడివి. కారు మనదే, ఇడ్లీలు మనవే."

నాకూ ఆశ పుట్టింది. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది, పుట్టింది.

జూలై 9, బుధవారం

జ్యోతిక వాళ్ళమ్మ ముత్తమ్మ ఫోన్ చేసింది. మంచి మనిషి, నా కట్టు సంగతి విని ఏడ్చింది. కూతురు స్పీకరులో పెట్టి, హౌస్‌బోటు సంగతి, బడంగ్‌పేట్ సంగతి, ఆషాఢం సంగతి అన్నీ చెప్పి, ఎట్ల చేద్దామే అని అడిగింది.

ముత్తమ్మ ఆలోచిస్తున్నప్పుడు ఫోన్లో వాళ్ళ గేదె అరుపు వినిపించింది.

"ఒదినె, జర నా మాటినుండ్రి. ఇంట్లకెల్లి మూటముల్లె పట్టుకొని ఇంకో ఇంటికి పోతె తప్పు. యాత్రకు పోతె తప్పేంది? యాత్రకు పోయినోడు మల్లొచ్చేటప్పుడు యాడ దిగితె గాడనే మజిలీ. ఇల్లు మారినట్టు గాదు. మీరు అన్నను తోలుకొని పడవ మీదికి పోండ్రి, ఒచ్చేటప్పుడు అటునుంచి అటే గా బడంగ్‌పేటల దించుండ్రి. శ్రావణం దాక ఆగె పనే లేదు. మీ భయం తీరె, వాళ్ళ పని గాయె!"

జ్యోతిక ముఖం వెలిగింది. ప్రసన్న నావైపు చూడలేదు.

నేనేం అనగలను? శాస్త్రం లేదని అనలేను, దాన్ని పిలుచుకొచ్చింది నేనే. శాస్త్రం ఉందని అంటే ముత్తమ్మ దగ్గర నాకంటే ఎక్కువ ఉంది. నా ప్రశ్నపత్రానికి నల్గొండ నుంచి సరైన జవాబు వచ్చింది. నూటికి నూరు వేయాల్సిందే.

"మీ నోటి చలవ వదినా" అన్నాను.

జూలై 10

నేను ఒప్పుకున్నది ప్రయాణానికి. ప్రయాణానికే. తిరిగి వచ్చేటప్పటి సంగతి తిరిగి వచ్చేటప్పుడు. ఆయనకి మూడు జతలే సర్దాను.

జ్యోతిక ఇంకో పెద్ద బ్యాగు సర్ది కారు డిక్కీలో ముందే పెట్టేసింది. జిప్పు పక్కన ఆయన శాలువా అంచు కనపడుతోంది. వానాకాలంలో పడవకి శాలువా మంచిదే కదా.

జూలై 12, శనివారం. పడవ మీద

కారులో దారంతా ఆయన "దిగుదాం, దిగుదాం" అన్నారు. సూర్యాపేట దగ్గర తలుపు తీయబోయారు. తన్మయి చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చుంది. నిన్న చీకటి పడేవేళకి చేరాం.

పేరుకి ఏసీ హౌస్‌బోటు. కింద ఇనుము, పైన తాటాకుల కప్పు, లోపల రెండు గదులు, ముందు నాలుగు కుర్చీలు. కర్టెన్లు ఎవరి పెళ్ళి షామియానావో. భోజనం మాత్రం అమృతం. పడవ నడిపే సరంగు పేరు వెంకట్రావు, అతనే వంటవాడికి మేనమామ.

ఇవాళ తెల్లవారుతుండగా మెలకువ వచ్చి చూస్తే పక్కన ఆయన లేరు. ఇంట్లో అయితే ఈ వేళకి వీధి తలుపు గొళ్ళెం లాగుతుంటారు. అడ్డం వెళితే... వెళ్ళకూడదు. లేచి బయటికి వచ్చాను. ఆయన కమ్మీ పట్టుకుని పడవ అంచు వెంట నడుస్తున్నారు. నిదానంగా, తనిఖీకి వచ్చిన ఆఫీసరులా. అటు చివరిదాకా వెళ్ళి, వెనక చుట్టి, ఇటు వచ్చారు. నన్ను చూసి ఆగి, మళ్ళీ నడిచారు. మళ్ళీ చుట్టి వచ్చారు. నేను కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ పట్టుకోనక్కర్లేదు, ఎవరూ అడ్డం వెళ్ళనక్కర్లేదు. ఎటు నడిచినా నా దగ్గరికే వస్తారు.

వెంకట్రావు టీ పట్టుకొచ్చాడు. ఆయన ఆగి, అతన్ని ఎగాదిగా చూసి అడిగారు.

"ఏమోయ్ లస్కరూ, తలుపులు ఎంత ఎత్తారు?"

వెంకట్రావు నావైపు చూశాడు. నేనేమీ సైగ చేయలేదు. అయినా సర్దుకున్నాడు.

"రెండడుగులెత్తామండి. ఇంకా ఎత్తమంటారా?"

"వద్దు. కింద పొలాలు మునుగుతాయి. సాయంత్రం చూద్దాం."

"ఆయ్, అలాగేనండి."

ఆయన టీ తాగారు. మొత్తం. చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

తన్మయి కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసి కూర్చుంది. ఆయన దాని పక్కన. ఒడ్డున కొబ్బరిచెట్లు, అవతల ఇసుక మేట, ఒక కొంగ. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నాకు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. పిచ్చి కూడా కాదు. సగం రేటంటే, నెల మొత్తానికి మాట్లాడితే ఇంకా తగ్గిస్తాడు. బడంగ్‌పేట్ వాళ్ళకి ఇచ్చేది ఇక్కడే ఇస్తే? తిండి ఉంది. వీధి తలుపు లేదు. ఆయన నడవడానికి చోటుంది. నా పింఛను ఉంది, ఆయన పింఛను ఉంది. నేను పుస్తకాలు చదువుకుంటాను. మీరు నెలకోసారి వచ్చి చూసిపోతారు. నీళ్ళ మీద ఉండటం డబ్బున్నవాళ్ళ భోగమని ఎవరన్నారు?

వెంకట్రావుని పక్కకి పిలిచి అడిగాను. అతను నవ్వలేదు, అదే నన్ను కుంగదీసింది.

"అమ్మగారండీ, నెలకి ఇమ్మంటే ఇత్తానండి, నాదేం పోయింది. కానండీ, నీళ్ళ రంగు చూశారా? ఎగువ నించి కొత్తనీరొచ్చేత్తందండి. నాలుగు రోజుల్లో కట్టెయ్యమంటారు. కట్టేత్తే ఇక కార్తీకం దాకా కదలదండి. రేవులో కట్టేసిన పడవలో మిమ్మల్నుంచితే, రాత్రేళ ఏదన్నా అయితే నేనేం సమాధానం చెప్పనండి? పోనీ, కార్తీకంలో రండి. ఆయన్నీ తీసుకురండి."

"కార్తీకంలో రేటెంత?"

"అప్పుడు సీజనండి" అన్నాడు తలవంచుకుని.

వెనక నువ్వు నిలబడి ఉన్నావు. అంతా విన్నావు. కోప్పడతావనుకున్నాను. నా పక్కన కూర్చుని, కట్టు మీద చెయ్యి పెట్టావు.

"అమ్మా, నేను కూడా పొద్దున అదే అడిగాను వాణ్ణి."

నువ్వు ఏడ్చావో లేదో నేను చూడలేదు. నాకు కొంగని చూడాల్సి వచ్చింది.

జూలై 13, ఆదివారం

రెండో రోజూ పొద్దున అలాగే నడిచారు. నేనూ వెనకే రెండు చుట్లు నడిచాను. పడవ దిగేటప్పుడు మాత్రం కమ్మీ వదల్లేదు. ప్రసన్న ఒక్కొక్క వేలే విడదీశాడు.

జూలై 14, సోమవారం

నిన్న రాజమండ్రిలో ఆగాం. ఇవాళ పొద్దున బయల్దేరాం.

హయత్‌నగర్, వనస్థలిపురం. ఎల్బీనగర్ చౌరస్తాలో తిన్నగా వెళితే ఇల్లు. కారు ఎడమకి తిరిగింది.

జూలై 15

చోటు శుభ్రంగానే ఉంది. వేపచెట్లు మూడు, ఒక గన్నేరు, ఎవరో తెలియక పెంచుతున్న వయ్యారిభామ. పీకేయమని చెప్పాను, ఆ పిచ్చిమొక్క గాలి పెద్దవాళ్ళకి దగ్గు. ఆ మాట మాత్రం ఎంతో వినయంగా రాసుకున్నారు.

"వెంకాయమ్మగారూ, పది రోజులు ఎవరూ రాకండి మేడమ్. అలవాటు పడాలి" అంది అక్కడి అమ్మాయి.

అలవాటు పడాల్సింది ఎవరో నేను అడగలేదు.

"నాకు కూడా ఒక మంచం ఇవ్వండి" అన్నాను.

"మీకు మతిమరుపు లేదు కదా మేడమ్, రూల్సు ఒప్పుకోవు."

ఎమ్మెస్సీ చదివి ఒక అర్హత లేక తిరస్కరించబడటం ఇదే మొదటిసారి.

వచ్చేటప్పుడు ఆయన నన్ను చూడలేదు. పాత టీవీలో ఏదో వంట చూస్తున్నారు.

జూలై 17

యాదలక్ష్మి వచ్చి జీతం తీసుకుని, అలవాటుగా ఆయన గది ఊడ్చి వెళ్ళింది.

జూలై 20, ఆదివారం

వీధిలో బోనాలు. డప్పులకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఈ చప్పుడు ఆయనకి పడదు కాబట్టి అక్కడే నయం.

నయం అని రాశాను. చూసుకుంటే ఎడమచేతి రాతే, కానీ నాదే.

జూలై 22

కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది. తలుపులన్నీ తీసే పెడుతున్నాం ఇప్పుడు. గాలి బాగా వస్తోంది. ఎవరికీ చెప్పకుండా నేనే ఒకసారి వెళ్ళి గొళ్ళెం వేసి వచ్చాను.

జూలై 25, శుక్రవారం

ఇవాళ చూడనిచ్చారు. శ్రావణ శుక్రవారం, జ్యోతిక పూలు పెట్టుకుని వచ్చింది.

ఆయన ఎవరిదో గళ్ళ చొక్కా వేసుకుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి నిలబడి కుర్చీ చూపించారు. "కూర్చోండి" అన్నారు. యాభై ఏళ్ళలో నాకు కుర్చీ చూపించడం ఇది రెండోసారి, మొదటిది పెళ్ళిచూపులు.

"పర్వాలేదండి" అన్నాను.

"దూరం నుంచి వచ్చారా?"

"కొత్తపేట నుంచి."

"అయితే పళ్ళ మార్కెట్టు దగ్గరే" అన్నారు సంతోషంగా. "బత్తాయిలు బాగా దొరుకుతాయి అక్కడ."

దొరుకుతాయండి అన్నాను. ఒక్కసారి కూడా సరిదిద్దలేదు.

వార్డు అమ్మాయి నన్ను పక్కకి పిలిచి ఒక చిన్న ఇబ్బంది చెప్పింది. పంచె నిలవట్లేదట. పైజమా నాడా ముడి ఆయన విప్పుకోలేక, వీళ్ళు విప్పబోతే ఒప్పుకోక, రోజూ తడుస్తోందట. ఆయన సిగ్గుతో మూల కూర్చుంటున్నారట. సిగ్గు ఇంకా మిగిలి ఉందన్నమాట. అది కూడా పోతే బాగుండు అని మొదటిసారి అనుకున్నాను.

ఈ కింది కాగితం మాత్రం చింపి, రేపు నువ్వు ఆఫీసుకి వెళ్ళేలోపు ఫ్రిజ్ మీద పెడతాను.

ప్రసన్నా,
సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, నడుముకి ఎలాస్టిక్ ఉన్న పైజమాలు ఆరు కొను. నాడావి వద్దు, జిప్పువి వద్దు. ముదురు రంగులే, తెల్లవి వద్దు. నడుము కొలత నీది చెప్పకు, వదులైపోతాయి, తన్మయిది చెప్పు. నూలువే తీసుకో, షాపువాడు మెరిసేవి చూపిస్తాడు, ఒప్పుకోకు. ఇంటికి తేగానే నాకివ్వు. కొత్తబట్ట ఆయనకి ఒరుసుకుంటుంది, రెండుసార్లు ఉతికి ఆరేసి ఇస్తాను. సోమవారం ఆఫీసుకి వెళ్తూ అక్కడ అందించి వెళ్ళు.